హాల్డేను గారు - ఉదజని

సికింద్రాబాదు చెంత తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఉత్ప్రేరకములను గూర్చిన పరిశోధన చిరకాలముగ సాగుచున్నది. నీటినుండి ఉదజనిని, అనగా హైడ్రోజనును, చవుకగా తీయు ఉత్ప్రేరకముల మాట వచ్చినపుడెల్ల మాకు జె. బి. ఎస్. హాల్డేను గారు జ్ఞప్తికి వత్తురు. జన్యుశాస్త్రజ్ఞులుగా లోకమెరిగిన వారిని ఇచ్చట స్మరించుట కొందరికి వింతగ తోపవచ్చును.

వారు 1892లో ఆక్సుఫర్డులో జన్మించిరి. 1923 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో ఉపన్యసించుచు, బొగ్గు తరిగిన పిదప ఇంగ్లండు గతి యేమని ప్రశ్నించుకొనిరి. దేశమంతట గాలిమరలు నిలిపి, మిగులు విద్యుత్తుతో నీటిని విడదీసి, ఆ వాయువులను ద్రవరూపమున భూగర్భమున నిలువ చేయవచ్చునని సూచించిరి. అందులకు నాలుగు వందల యేండ్లు పట్టునని వారి యంచనా. నూరేండ్లకే లోకమా త్రోవ పట్టినది!

అయితే గాలికి నిలుకడ లేదు. దాని హెచ్చుతగ్గులను చురుకుగ ననుసరించు విద్యుద్విశ్లేషణ యంత్రములకు ప్లాటినము, ఇరిడియము వలయును. ఇరిడియము బంగారముకంటె అరుదైనది. నికెలు పలకల యంత్రములు చవుకయే గాని అంత చురుకైనవి కావు. అరుదైన లోహములకై పరదేశముల నాశ్రయించినచో, చమురు దాస్యము పోయి లోహ దాస్యము వచ్చునని మా భయము.

ఈ చిక్కునకు సంబంధించిన విద్యయు హాల్డేను గారిదే యగుట విశేషము. జీవకణములలోని ఉత్ప్రేరకములగు ఎంజైముల వేగమును లెక్కించు సమీకరణమును 1925లో బ్రిగ్సు గారితో కూడి ప్రకటించిరి; 1930లో ఎంజైములపై గ్రంథము వ్రాసిరి. వారు పనిచేయుచున్న కేంబ్రిడ్జి జీవరసాయన శాఖలోనే 1931లో మార్జొరీ స్టీఫెన్‌సన్, స్టిక్‌లాండు గారలు సూక్ష్మజీవులయందు హైడ్రోజనేజు అను ఎంజైమును గుర్తించిరి. అది ఇనుము, నికెలులతోనే ఉదజనిని పుట్టింపగలదని తరువాత తెలిసినది. ప్రాణవాయువు సోకిన ఆ జాతిలో పెక్కింటి శక్తి నశించును. ప్లాటినమునకు బదులు వానిని వాడుటకు ఇదియొక అడ్డంకి.

సూయజుపై తమ దేశము దండెత్తుటను నిరసించి, 1957లో వారు కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు వచ్చిరి. భారతీయ వేషము ధరించిరి. 1961లో భారత పౌరులైరి. 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున కన్నుమూసిరి. తమ దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల కొరకు వ్రాసి యిచ్చిరి. ఆ కాకినాడలోనే గాలి, సూర్యరశ్ముల విద్యుత్తుతో నీటినుండి ఉదజనిని తీసి అమ్మోనియా చేయుటకు ఏఎమ్ గ్రీన్ సంస్థవారు కర్మాగారమును తలపెట్టినారు.