విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

తలనొప్పి వచ్చినప్పుడు పెద్దలు వెదకే అమృతాంజనం సీసాను ఎరుగని పిల్లలు మన కుటుంబాలలో అరుదు. ఆ మందు అమ్మగా వచ్చిన డబ్బుతో ఒక తెలుగు పత్రిక బ్రతికిందనీ, ఆ పత్రిక పుట్టినది తెలుగుదేశంలో కాదనీ చాలామందికి తెలియదు. ఆ రెండింటినీ స్థాపించిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు 1867 మే 1న కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. బందరులో చదువుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులైనారు. జీవనోపాధి వెదుక్కుంటూ కలకత్తా వెళ్ళి, తరువాత బొంబాయి చేరారు. అక్కడ 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. సంగీత సభలకు వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టి మందు గుణాన్ని జనానికి తెలియజేశారు. వ్యాపారం పెరిగి ధనవంతులైనారు.

బొంబాయిలో తెలుగువారు అప్పటికే చాలామంది ఉండేవారు. ఇళ్ళు కట్టే పనులకు తెలుగు ప్రాంతాలనుండి వలసవెళ్ళిన కామాఠీల వల్లనే అక్కడి కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది. 1908 జూలైలో, కేసరి పత్రికలో వ్రాసిన వ్యాసాలకుగాను తిలక్ మహాశయునికి ఆరేళ్ళ శిక్ష పడినది ఆ నగరంలోనే. పత్రిక నడపడం ఎంత ప్రమాదమో అందరూ కళ్ళారా చూసిన రోజులవి. ఆ తరువాత రెండు నెలలకే, సెప్టెంబరు 9న, పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1910నుండి ఉగాదికి ప్రత్యేక సంచికలు కూడా వచ్చాయి.

అయితే బొంబాయినుండి టపాలో వెళ్ళే పత్రిక తెలుగు జిల్లాలకు చేరేసరికి వార్త పాతబడిపోయేది. ఆనాడు ఆ జిల్లాలకు రాజధాని మద్రాసు. అందుచేత పత్రికను అక్కడికి తరలించి, 1914 ఏప్రిల్ 1న దినపత్రికగా మార్చారు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. వార్తలకు గిరాకీ పెరిగింది, కాగితం ధరా పెరిగింది. పైగా 1910నాటి పత్రికల చట్టం ఒకటి. ప్రభుత్వం ధరావతు కట్టమనవచ్చు, వ్రాత నచ్చకపోతే దానిని జప్తు చేయవచ్చు. ఇన్ని ఇబ్బందుల మధ్య పత్రికకు అండగా నిలిచినది అమృతాంజనం రాబడే.

పంతులుగారు అంతటితో ఆగలేదు. 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించారు. సాహిత్యం, చరిత్ర, శాసనాల గురించి పండితులు వ్రాసిన వ్యాసాలకు అది నెలవైంది. 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించి, బసవపురాణం వంటి ప్రాచీన గ్రంథాలను తక్కువ ధరకు అందించారు. గ్రంథాలయాలకు, విద్యార్థులకు చేసిన దానాలకు లెక్కలేదు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులుగా పనిచేసి, ఉప్పుసత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. ప్రజలు వారిని దేశోద్ధారక, విశ్వదాత అని పిలిచారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరులో ఒడంబడిక చేసుకొన్నది మద్రాసులోని వారి ఇల్లు శ్రీబాగ్‌లోనే. 1938 ఏప్రిల్ 11న పంతులుగారు పరమపదించారు. వారు కోరిన ఆంధ్రరాష్ట్రం 1953లో వచ్చింది.

వారి తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రిక భారం వహించారు. స్వాతంత్ర్యం వచ్చాక పెద్ద పెట్టుబడులతో కొత్త దినపత్రికలు వచ్చి పోటీ పెరిగింది. చివరకు 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. అమృతాంజనం మాత్రం నేటికీ అమ్ముడవుతూనే ఉంది.

తెలుగుదేశం విడిచి వచ్చిన మా కుటుంబంలో నాది మూడవతరం. బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ, సాయంకాలపు తరగతులలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. ఒక పత్రిక నిలవడానికి ఖర్చుపెట్టే దాత ఉండాలి, చదివేవారూ ఉండాలి. మన ఐసెలిన్‌లో ఏటేటా ఈ సంచికకు చందాలిచ్చే ఉదారులకు లోటులేదు. చదవగల పిల్లలే తగ్గిపోతున్నారు. దాత ఎంత గొప్పవాడైనా పాఠకుడి బదులు తాను చదవలేడు గదా! కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ సంచికను అలమారులో దాచకండి. వారానికొక పుట చొప్పున పిల్లల చేత బిగ్గరగా చదివించండి. తడబడితే తడబడనివ్వండి. పంతులుగారికి మనం చేయగల గౌరవం ఇంతకన్న వేరొకటి లేదు.