ఉరితాడు చేయలేని పని

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2002 నుంచి 2017 వరకు చెలామణిలో ఉంచిన ఐదు పౌండ్ల నోటుపై, ఖైదీలకు చదివి వినిపిస్తున్న ఒక స్త్రీ బొమ్మ ఉండేది. ఆమె ఎలిజబెత్ ఫ్రై. ఒకప్పుడు అదే బ్యాంకు దొంగనోట్లు మార్చినవారిని ఉరికంబం దాకా నడిపిస్తుంటే, వారి ప్రాణాల కోసం బతిమాలిన దైవజనురాలు ఆమే!

1780లో నార్విచ్‌లో సంపన్న క్వేకర్ల కుటుంబంలో పుట్టిన ఎలిజబెత్, పదిహేడేళ్ల వయసులో ఒక ప్రసంగం విని తన జీవితాన్ని దేవునికి అప్పగించుకుంది. పెళ్లయి లండన్ చేరి, పదకొండు మంది పిల్లల తల్లయింది. 1813లో న్యూగేట్ చెరసాలలో తొలిసారి అడుగుపెట్టింది. దాదాపు మూడు వందల మంది స్త్రీలు, వారి పసిపిల్లలు. తీర్పు రానివారూ శిక్ష పడినవారూ ఒకేచోట, వట్టి నేలమీదే నిద్ర. ఆ దృశ్యం ఆమెను వదల్లేదు. 1817లో మరికొందరు స్త్రీలను కూడగట్టి పిల్లలకు బడి, తల్లులకు కుట్టుపని, అందరికీ వాక్యపఠనం ఏర్పాటు చేసింది. నియమాలను వారిపై రుద్దలేదు. ఒక్కొక్కటీ చదివి, వారి చేతులెత్తించి ఒప్పుకోలు తీసుకుంది. ఏడాది తిరక్కుండానే ఆ చేతులు వేలకొద్దీ దుస్తులు కుట్టాయి. 1818లో పార్లమెంటు కమిటీ ఆమెను పిలిపించి ఆ సంగతులన్నీ విన్నది.

ఆ కాలంలో ఇంగ్లండ్‌లో రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్షే. భయం పెరిగితే నేరం తగ్గుతుందన్నది పాలకుల లెక్క. 1797 నుంచి ఒకటి, రెండు పౌండ్ల చిన్న నోట్లు వచ్చాయి. వాటికి నకిలీలు తయారుచేయడం తేలిక. ఆ తర్వాతి పాతికేళ్లలో దొంగనోట్ల కేసుల్లో మూడు వందల మందికి పైగా ఉరితీశారు. అయినా దొంగనోట్లు ఆగలేదు. 1818లో హ్యారియట్ స్కెల్టన్ అనే యువతికి అదే శిక్ష పడితే, ఎలిజబెత్ హోంమంత్రి దాకా వెళ్లి ప్రాధేయపడింది. ఆయన కరగలేదు. స్కెల్టన్‌ను ఉరితీశారు.

మరి ఆ లెక్క ఎక్కడ తప్పింది? చిన్న నేరానికి ప్రాణం తీయడం ఇష్టంలేక జ్యూరీలు నేరస్థులను వదిలేసేవి. నష్టపోయినవారు ఫిర్యాదే మానుకునేవారు. శిక్ష పెద్దదైన కొద్దీ, అది తప్పక పడుతుందన్న నమ్మకం సన్నగిల్లింది. చివరికి 1830లో బ్యాంకర్లే ఈ ఉరిశిక్ష తమ ఆస్తిని కాపాడటం లేదని పార్లమెంటుకు విన్నవించుకున్నారు. ఫోర్జరీకి ఉరి 1837 నాటికి పూర్తిగా రద్దయింది. కనికరంతో ఆమె అడిగినదాన్నే వారు లాభనష్టాలు చూసుకుని అడిగారు!

1828లో భర్త బ్యాంకు దివాలా తీసింది. క్వేకర్ల సంఘం ఆయనను వెలివేసింది. నిందలు ఆమెనూ తాకాయి. అప్పుల అవమానం ఎలా ఉంటుందో తెలిసిన ఆ స్త్రీ, 1845లో కన్నుమూసేదాకా ఖైదీల పరిచర్య మానలేదు.

చెరసాలలో ఉన్నవారిని దర్శించడం తనను దర్శించడమేనని ప్రభువు నేర్పాడు. మనమేమో తప్పు చేసినవాడికి ఎంత శిక్ష పడిందో ఆరా తీస్తాం, కానీ అతడి ఇంటి గడప తొక్కం. విడుదలై వచ్చినవాడు ఆదివారం మన పక్కన కూర్చుంటే కాస్త జరిగి కూర్చుంటాం. అతడికి పని ఇచ్చేవారెవరు? అతడి పిల్లల ఫీజు కట్టేదెవరు? భయం మనిషిని కొంతకాలమే ఆపుతుంది. మారడానికి మాత్రం అతడికి ఒక చేయి కావాలి. ఆ చేయి మనది కావాలి.