తుంబా గుడి నుండి చంద్రుని దాకా

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రునిపై దిగిన ల్యాండర్ పేరు విక్రమ్. కొత్తగూడెంలో టీవీల ముందు చప్పట్లు కొట్టిన మన పిల్లల్లో ఆ పేరు ఎవరిదో ఎందరికి తెలుసు?

విక్రమ్ సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో మిల్లు యజమానుల ఇంట పుట్టారు. హాయిగా వ్యాపారం చూసుకోవచ్చు. ఆయన మాత్రం కేంబ్రిడ్జిలో చదివి, బెంగుళూరులో సి.వి.రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన చేశారు.

రాకెట్ కేంద్రానికి అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర స్థలం కావలసి వచ్చింది. కేరళ తీరాన తుంబా సరిపోయింది. కాని అక్కడ బెస్తవారి ఇండ్లు, నడుమ పునీత మగ్దలా మరియమ్మ దేవాలయం. సారాభాయ్ మేత్రాణులు పీటర్ బెర్నార్డ్ పెరీరా గారిని కలిశారు. వారు తమంతట తాము మాట ఇవ్వలేదు. ఆదివారం పూజకు వచ్చిన విచారణ ప్రజలనే అడిగారు. తాతముత్తాతలు మొక్కిన గుడిని వదులుకోవడం తేలికా? అయినా ఒప్పుకున్నారు. ఆ గుడే శాస్త్రవేత్తల కార్యాలయమైంది.

1963 నవంబరు 21న తొలి రాకెట్ ఎగిరింది. రాకెట్ అమెరికాది, పరికరం ఫ్రాన్సుది. రష్యా కూడా సాయపడింది. ఆ రెండు అగ్రరాజ్యాలు ఒకరి ముఖం ఒకరు చూడని రోజులవి! 1968లో తుంబాను ఐక్యరాజ్య సమితికి అంకితం చేశారు.

మన శ్రీహరికోట నుండి మొదటి రాకెట్ 1971 అక్టోబరులో లేచింది. ఆ డిసెంబరు 30న, 52 ఏళ్ళకే, సారాభాయ్ కోవళంలో కన్నుమూశారు. 2008లో శ్రీహరికోట నుండి వెళ్ళిన చంద్రయాన్-1లోని 11 పరికరాలలో 6 విదేశాలవి. చంద్రునిపై నీటి జాడ పట్టినవాటిలో అమెరికా పరికరం ఒకటి. 2023 నాటి విక్రమ్ పైనా నాసా వారి చిన్న అద్దాల పరికరం ఉంది.

తుంబా గుడి ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం.