వికెట్లు ఆయనవి, కెప్టెన్సీ వాళ్లది: పల్వంకర్ బాలూ జీవితం

కర్నూలు, కడప జిల్లాల్లో కాలేజీల మధ్య ఆటల పోటీలు జరిగాయంటే వాటి వెంటే కొన్ని గొడవలూ వస్తాయి. బాస్కెట్‌బాల్ అయినా, కబడ్డీ అయినా, క్రికెట్ అయినా గొడవ తీరు ఒకటే. రిఫరీ అవతలి కాలేజీ మనిషని ఒకరంటారు. పొద్దున ఒక మ్యాచ్ ఆడి అలసిన జట్టుకు మళ్లీ మిట్టమధ్యాహ్నం ఎండలో రెండో మ్యాచ్ పెట్టారని ఇంకొకరంటారు. విజిల్ ఊదే మనిషి అందరికీ కనిపిస్తాడు కాబట్టి కోపమంతా ఆయన మీదికే పోతుంది. కానీ అంతకుముందే, ఎవరికీ కనిపించని ఒక గదిలో, పన్నెండు పేర్ల జాబితా తయారై ఉంటుంది. ఎవరు ఆడాలి, ఎవరు కెప్టెన్, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ గదిలో తప్పు జరిగితే ఊదడానికి విజిల్ లేదు.

అలాంటి గది ముందు ఏళ్ల తరబడి నిలబడిన మనిషి పల్వంకర్ బాలూ. భారతదేశం చూసిన తొలి గొప్ప బౌలర్ ఆయన. దళితుడు. మైదానంలో బంతి వేస్తే ఆయన్ని ఆపగలిగినవాళ్లు తక్కువ. మైదానం బయట మాత్రం ప్రతి అడుగులోనూ ఎవరో ఒకరు ఆపారు.

నెలకు నాలుగు రూపాయల కొలువు

బాలూ 1876లో ధార్వాడలో పుట్టారు. మన గుంతకల్లు నుంచి బళ్లారి మీదుగా హుబ్బళ్లి వెళ్తే, దాని పక్క ఊరే ధార్వాడ. వాళ్లది చమార్ కులం. మన దగ్గర మాదిగల్లాగే తోలు పనికి కట్టేసిన కులం. తండ్రికి పూనాలో సైన్యంలో కొలువు. తెల్ల సిపాయిలు వదిలేసిన బ్యాట్లు, బంతులతోనే బాలూకీ తమ్ముళ్లకీ ఆట అబ్బింది.

చదువు సాగలేదు. పూనాలో పార్శీల క్రికెట్ క్లబ్బులో మైదానం ఊడ్చి, పిచ్ మీద రోలర్ లాగే పనిలో చేరారు. జీతం నెలకు 3 రూపాయలు. 1892లో తెల్లవాళ్ల పూనా క్లబ్బుకు మారితే అది 4 రూపాయలైంది. నెట్లు కట్టడం, పిచ్‌కు గీతలు గీయడం, రోలర్ లాగడం పని. మధ్యలో దొరలకు ప్రాక్టీసు కావాల్సి వచ్చినప్పుడు బంతి వేయడం కూడా.

అక్కడ జె.జి. గ్రెగ్ అనే సైనికాధికారి ఉండేవాడు. ఇంగ్లండులో హాంప్‌షైర్ కౌంటీకి ఆడిన పేరున్న బ్యాట్స్‌మన్. మిగతావాళ్లకంటే ముందే వచ్చి బాలూ చేత బంతులు వేయించుకునేవాడు. తనను అవుట్ చేసిన ప్రతిసారీ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. ఎడమచేత్తో నెమ్మదిగా వేసే స్పిన్ బాలూకి అలా గంటల తరబడి సానపట్టుకుంది. కానీ ఆ క్లబ్బులో ఒక్కసారి కూడా ఆయన చేతికి బ్యాట్ ఇవ్వలేదు. చెమట పట్టే పని పనివాడిది, బ్యాటింగ్ దొరది. మన ఊళ్లలో నాగలి ఎవరిది, గట్టు మీది గొడుగు ఎవరిది అన్న లెక్కే అది.

తెలుగువాళ్ల మాట

పూనాలో హిందువుల జట్టుకూ తెల్లవాళ్ల పూనా క్లబ్బుకూ గట్టి పోటీ ఉండేది. తెల్లవాళ్లను ఓడించాలన్న కసి హిందూ క్లబ్బుకు ఉంది. ఓడించగల బౌలరూ ఊళ్లోనే ఉన్నాడు. కానీ అతను అంటరానివాడు. తీసుకోవాలా వద్దా అని క్లబ్బు రెండుగా చీలింది. బాలూని తీసుకోవాలని పట్టుబట్టినవాళ్లలో ఆ క్లబ్బులోని కొందరు తెలుగు సభ్యులు ఉన్నారు. స్థానిక మరాఠీ బ్రాహ్మణ సభ్యులు వద్దన్నారు. చివరకు గ్రెగ్ కల్పించుకుని, బాలూని వదులుకుంటే హిందువులు తెలివితక్కువవాళ్లే అన్న అర్థంలో పత్రికకు చెప్పాడు. అప్పుడు గానీ చోటు దొరకలేదు. మనవాడు మంచివాడని చెప్పడానికి అవతలి జట్టు మనిషి రావాల్సి వచ్చింది.

చోటు దొరికింది, పీట దొరకలేదు. మైదానంలో ఆయన ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ విరామం రాగానే మిగతావాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, బాలూకి పెవిలియన్ బయట, తాగి పారేసే మట్టి ముంతలో పోశారు. మొహం కడుక్కోవాలంటే మైదానం మూలకు ఒక అంటరాని పనివాడే నీళ్లు తెచ్చి ఇవ్వాలి. అన్నానికి వేరే పళ్లెం, వేరే బల్ల. రాయలసీమ పల్లెల్లో హోటళ్ల ముందు రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

సతారాలో తెల్లవాళ్ల జింఖానా మీద మ్యాచ్ వచ్చింది. బాలూ బంతి తిరగకుండా ఉండాలని వాళ్లు వారం రోజులు పిచ్‌ను రోలర్‌తో చదును చేయించారట. అయినా ఆయన ఏడు వికెట్లు తీశారు, పూనా జట్టు గెలిచింది. ఆ తర్వాత హైకోర్టు న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే ఆయన్ని నలుగురిలో మెచ్చుకున్నారు. కలిసి ఆడగలిగినవాళ్లు కలిసి తినలేరా అని జట్టును మందలించారు.

బొంబాయి, 1906

1896లో పూనాలో ప్లేగు ముంచుకొచ్చింది. బాలూ బొంబాయి చేరారు. అక్కడి పరమానందదాస్ జీవన్‌దాస్ హిందూ జింఖానా తరఫున ఆడారు. రైల్వేలో ఉద్యోగం దొరికింది. తమ్ముళ్లు శివరామ్, గణపత్, విఠల్ కూడా ఒకరి వెంట ఒకరు హిందూ జట్టులోకి వచ్చారు.

అప్పట్లో బొంబాయిలో జట్లు మతాన్ని బట్టి ఉండేవి. మొదట యూరోపియన్లు, పార్శీలు. 1907లో హిందువులు చేరాక మూడు జట్ల పోటీ అయింది. 1912లో ముస్లింలు చేరాక నాలుగు జట్ల పోటీ, అంటే క్వాడ్రాంగ్యులర్ అయింది. జనం వేలాదిగా వచ్చేవాళ్లు. ఈ పోటీలు మొదలు కాకముందే, 1906 ఫిబ్రవరిలో హిందువులు యూరోపియన్లతో తలపడ్డారు. హిందువులు 242, 160 పరుగులు చేశారు. యూరోపియన్లు 191, 102 దగ్గర ఆగిపోయారు. 109 పరుగుల గెలుపు. రెండు ఇన్నింగ్స్‌లో కలిపి బాలూవి 8 వికెట్లు. బెంగాల్ విభజన మీద దేశం రగిలిపోతున్న రోజులవి. ఏలినవాళ్లను ఏలబడినవాళ్లు ఓడించారని ఊరూరా చెప్పుకున్నారు. బొంబాయిలో ఈ అన్నదమ్ములు జట్టుతో ఒకే బల్ల దగ్గర తిన్నారు. సంఘసంస్కర్తల పత్రికలు దాన్ని గొప్ప మార్పుగా రాశాయి.

114 వికెట్లు

1911లో పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్ కెప్టెన్‌గా భారత జట్టు ఇంగ్లండు వెళ్లింది. 23 మ్యాచులు ఆడి 15 ఓడింది, 6 గెలిచింది, 2 డ్రా చేసుకుంది. ఆ ఓడిన జట్టులో గెలిచి వచ్చినవాడు బాలూ. అన్ని మ్యాచుల్లో కలిపి 18.84 సగటుతో 114 వికెట్లు తీశారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు.

తిరిగి వచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవాళ్లు ఆయనకు సన్మానం చేశారు. ఆ సన్మాన పత్రం రాసింది ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువుతున్న 20 ఏళ్ల కుర్రాడు. పేరు భీమ్‌రావ్ అంబేడ్కర్. ఆ రోజున తన జాతికి చూపించుకోవడానికి ఆ కుర్రాడికి ఉన్న పెద్ద పేరు బాలూదే.

కెప్టెన్సీ గది

జట్టులో అందరికంటే సీనియర్, అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడు బాలూయే. ఆయన్ని హిందూ జట్టుకు కెప్టెన్ చేయాలని 1910 నుంచి దాదాపు ఏటా అభిమానులు అడుగుతూనే వచ్చారు. ఏటా సెలెక్టర్లు ఇంకొకరి పేరు చదివారు. కెప్టెన్సీ దక్కిన ఎం.డి. పాయ్ స్వయంగా, తన కులంవాళ్లు చేసిన సన్మాన సభలోనే, ఈ గౌరవం బాలూకి దక్కాల్సిందని ఒప్పుకున్నారు. పొందినవాడు ఒప్పుకున్నా, ఇచ్చేవాళ్లు ఒప్పుకోలేదు.

ఎందుకు? కెప్టెన్ అంటే ఫలానా చోట నిలబడు అని ఆజ్ఞ ఇచ్చేవాడు. చమార్ వేసిన బంతికి వికెట్ పడితే చప్పట్లు కొట్టడం వాళ్లకు కష్టం కాలేదు. చమార్ మాట వినడమే కష్టమైంది. శ్రమ కావాలి, అధికారం ఇవ్వం. కులం ఎక్కడైనా గీసే గీత అదే.

1920లో ఆ గీత బయటపడింది. కెప్టెన్ పాయ్‌కు ఒంట్లో బాగాలేక తొలి మ్యాచుకు రాలేకపోయారు. బాలూని జట్టులోంచే తీసేశారు. 28 ఏళ్ల డి.బి. దేవధర్‌ను కెప్టెన్ చేశారు. చేయాల్సిన అవమానం రెండు రకాలుగానూ చేశారు. అప్పుడు తమ్ముళ్లు విఠల్, శివరామ్ మేం ఆడం అని తప్పుకున్నారు. కులం కారణంగానే తమకు అన్యాయం జరుగుతోందని బహిరంగంగా ప్రకటన ఇచ్చారు. వాళ్లు లేకుండా పెద్ద పోటీకి వెళ్లడం ఎంత నష్టమో అందరికీ తెలుసు. ఊళ్లో గోల పుట్టింది. ఫైనల్ నాటికి పెద్దలు దిగివచ్చారు. పాయ్ తిరిగి కెప్టెన్‌గా వచ్చారు, బాలూని వైస్ కెప్టెన్‌ను చేశారు. ఆట మధ్యలో పాయ్ కావాలనే మైదానం వదిలి వెళ్లారు. ఆ కాసేపు హిందూ జట్టును నడిపింది 44 ఏళ్ల పల్వంకర్ బాలూ. జీవితమంతా అడిగినదానికి దక్కింది ఆ కాసేపే.

అడగడం వృథా పోలేదు. 1923లో విఠల్ హిందూ జట్టు కెప్టెన్ అయ్యాడు. యూరోపియన్ల మీద ఫైనల్ గెలిచాడు. జనం అతన్ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. అన్నకు మూసిన తలుపు తమ్ముడికి తెరుచుకుంది. అన్న పక్షాన తమ్ముళ్లు ఆట మానేసిన ఆ రోజే ఆ తలుపు కదిలింది.

భారతదేశం తొలి టెస్టు ఆడింది 1932లో. అప్పటికి బాలూకి 56 ఏళ్లు. ఆ టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ. బాలూ ఆటలో చివరి ఏళ్లైన 1916లో నాయుడు హిందూ జట్టులో అడుగుపెట్టారు. బాలూ ఫస్ట్‌క్లాస్ లెక్క 33 మ్యాచుల్లో 179 వికెట్లు, సగటు 15.21.

అంబేడ్కర్‌కు ఎదురుగా

ఆయన జీవితంలో దళిత పాఠకులకు మింగుడుపడని భాగం దీని తర్వాతే ఉంది. దాన్ని దాటేసి రాయడం న్యాయం కాదు. బాలూ గాంధీ వైపు నిలిచారు. అంబేడ్కర్ ప్రత్యేక నియోజకవర్గాలు అడిగితే, బాలూ మద్రాసు నాయకుడు ఎం.సి. రాజాతో కలిసి ఉమ్మడి నియోజకవర్గాలు కావాలన్నారు. 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం మీద సంతకాలు చేసినవాళ్లలో ఆయనా ఉన్నారు. ఆ ఒప్పందంతో రాష్ట్రాల శాసనసభల్లో అణగారిన కులాల సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి. కర్నూలు, కడప అప్పుడున్న మద్రాసు ప్రెసిడెన్సీకి 30 వచ్చాయి. కానీ ఆ సీట్లలో ఎవరు కూర్చోవాలన్నది తేల్చే ఓటు సవర్ణుల చేతిలోనూ ఉండిపోయింది. జాబితా రాసే గది మళ్లీ వాళ్లదే అయిందని అంబేడ్కర్ వాదన. కెప్టెన్సీ గదిని అంతగా ఎరిగిన బాలూ ఆ వాదన వైపు రాలేదు.

1937లో బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్నే అంబేడ్కర్ మీద నిలబెట్టింది. అంబేడ్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకి 11,225. దళితులకు దక్కిన ఇద్దరు పెద్ద మనుషులను ఒకరి మీదికి ఒకరిని నిలబెట్టిన చేయి ఎవరిదో ఆలోచించుకోవాల్సింది మనమే. బాలూ వచ్చిన దారి వేరు. ఆయనకు తలుపులు తెరిచింది ఒక గ్రెగ్, ఒక రానడే, ఒక పాయ్. మంచి సవర్ణుల మీద నమ్మకం ఆయనకు అనుభవంలోంచి వచ్చింది. అంబేడ్కర్ ఆ మంచితనం మీద ఆధారపడని హక్కు అడిగారు. 1920లో తమ్ముళ్లు ఆట మానేసినప్పుడు అడిగింది కూడా అలాంటి హక్కునే.

బాలూ 1955 జూలైలో బొంబాయిలో కన్నుమూశారు. లగాన్ సినిమాలో కచ్రాని చూసినప్పుడు చాలామందికి ఆయన గుర్తుకొస్తారు. అందులో కచ్రాకు బంతి దొరకడంతోనే కథ సుఖాంతమవుతుంది. బాలూ కథలో బంతి మొదటి రోజే దొరికింది. దొరకనిది కప్పు, బ్యాట్, కెప్టెన్సీ.

కాబట్టి ఈసారి మన కాలేజీల్లో రిఫరీ మీద కోపం వచ్చినప్పుడు, ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా అడుగుదాం. జట్టును ఎంపిక చేసింది ఎవరు? ఎస్సీ హాస్టల్ పిల్లలకు సాయంత్రం కోర్టు ఎన్ని గంటలు దొరుకుతోంది? అందరికంటే బాగా ఆడేవాడు ఎన్నేళ్లుగా కెప్టెన్ కాలేదు? అతన్ని తప్పించిన రోజున పక్కవాళ్లలో ఎంతమంది జెర్సీ విప్పి పక్కన పెట్టారు?