అడవిపై మందు వానను ప్రశ్నించిన రేచల్ కార్సన్

1957లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్ మీదుగా విమానాలు బాగా క్రిందుగా ఎగురుతూ, నూనెలో కలిపిన డి.డి.టి. మందును చల్లాయి. అడవితో పాటు కూరగాయల మడులు, పాడి పశువుల బీళ్ళు, చేపల చెరువులు, ఉప్పు కయ్యలు కూడా తడిసిపోయాయి. ఇంతకూ ఇదంతా ఒక గొంగళి పురుగు కోసమే. నాటి ప్రజలు జిప్సీ మాత్ అని పిలిచిన ఈ పురుగును 1860ల చివరలో త్రువెలో అనే ఫ్రెంచి దేశస్థుడు ఐరోపా నుండి మసాచుసెట్స్‌కు తెచ్చుకొని ఇంట్లో పెంచాడు. అది తప్పించుకొని ఓక్ అడవుల పాలిట శాపమైంది. 2022 నుండి శాస్త్రజ్ఞులు దానిని స్పాంజీ మాత్ అని వ్యవహరిస్తున్నారు.

ఈ మందు చల్లకంపై లాంగ్ ఐలాండ్ వాసులు న్యాయస్థానానికి వెళ్ళారు, ఓడిపోయారు. 1960లో దేశ అత్యున్నత న్యాయస్థానం వారి వాదన వినడానికి నిరాకరించింది. అయితే ఆ వ్యాజ్యాన్ని ఒక రచయిత్రి శ్రద్ధగా గమనిస్తూ వచ్చారు. ఆమె పేరు రేచల్ కార్సన్.

రేచల్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో జన్మించారు. ఒకప్పుడు బడిపంతులమ్మగా పనిచేసిన తల్లి మరియా, కూతురిని వెంటబెట్టుకొని పొలం గట్ల వెంట, చెట్ల మధ్య తిప్పుతూ పక్షులను, పురుగులను చూపించేది. కళాశాలలో సాహిత్యం చదవబోయిన రేచల్ జీవశాస్త్రం వైపు మళ్ళి, 1932లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర పట్టా పొందారు. 1935లో తండ్రి, తరువాత అక్క మరణించగా ఇంటి బరువంతా ఆమెపై పడింది. ప్రభుత్వ మత్స్య శాఖలో ఉద్యోగం చేస్తూ, రాత్రివేళ పుస్తకాలు వ్రాసేవారు. 1951లో సముద్రంపై వ్రాసిన గ్రంథం ఆమెకు కీర్తినీ, ఉద్యోగం మానుకొనే ధైర్యాన్నీ ఇచ్చింది.

1962లో వెలువడిన 'సైలెంట్ స్ప్రింగ్', అనగా నిశ్శబ్ద వసంతం, ఆమెకు చివరి పోరాటం. మందు పురుగును ఎంచి చంపదనీ, ఆకు తినే ప్రతి గొంగళినీ, దానిని తినే పక్షినీ, వాగులోని చేపనూ కూడా తాకుతుందనీ ఆమె ఆధారాలతో నిరూపించారు. మందులన్నీ మానమని ఆమె కోరలేదు. మలేరియా కోసం ఊళ్ళలో ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టిన రోజులను పెద్దలు ఎరుగుదురు. విచ్చలవిడిగా వాడితే దోమలే ఆ మందుకు అలవాటు పడతాయని ఆమె హెచ్చరించారు.

మందు కంపెనీలు ఆమెపై విరుచుకుపడ్డాయి. ఆమెకు శాస్త్రం తెలియదని కొందరు ఎగతాళి చేశారు. అప్పటికే ఆమెను రొమ్ము క్యాన్సర్ పీడిస్తోంది. ప్రత్యర్థులు దానిని ఆయుధంగా మలచుకుంటారని ఆ సంగతి దాచి, 1963 జూన్‌లో సెనేట్ ఉపసంఘం ఎదుట సాక్ష్యమిచ్చారు. అమెరికా 1972లో డి.డి.టి.ని చాలావరకు నిషేధించింది.

అయితే ఆమె సూచించిన మార్గాలు కూడా పూర్తిగా నిరపాయకరం కాలేదని చెప్పక తప్పదు. రసాయనాలకు బదులు బి.టి. అనే సూక్ష్మజీవిని, పురుగుల సహజ శత్రువులను వాడవచ్చునని ఆమె వ్రాశారు. బి.టి. పక్షులకు, చేపలకు దాదాపు హాని చేయదు. కానీ అదే అడవిలో ఆకు తింటున్న స్థానిక సీతాకోకచిలుకల గొంగళులను కూడా చంపగలదు. స్పాంజీ మాత్ కోసం 1906 నుండి విడిచిపెట్టిన ఒక ఐరోపా ఈగ, అక్కడి అందమైన సెక్రోపియా పురుగును విపరీతంగా దెబ్బతీసిందని 2000లో వెలువడిన పరిశోధన తేల్చింది. సెక్రోపియా అంటే మన దసలి పట్టుపురుగు కుటుంబానికి చెందినదే.

1963 సెప్టెంబరులో రేచల్ మెయిన్ రాష్ట్రపు సముద్ర తీరాన తన స్నేహితురాలు డొరతీ ఫ్రీమన్‌తో కూర్చొని, దక్షిణానికి వలస పోతున్న మోనార్క్ సీతాకోకచిలుకలను చూశారు. వాటిలో ఎక్కువ భాగం తిరిగి రావని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ దృశ్యం తనకు దుఃఖం కలిగించలేదని ఆమె తరువాత ఉత్తరంలో తెలిపారు. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట ఆమె కన్నుమూశారు. ఆమె చితాభస్మంలో కొంత భాగాన్ని డొరతీ ఆ తీరానికే తీసుకువెళ్ళి సముద్రంలో కలిపారు.