బీరు పీపాలో బయటపడ్డ నిజం: లూయీ పాశ్చర్

పాశ్చర్ పేరు చెప్పగానే మనకు పిచ్చికుక్క కాటుకు వేసే మందు గుర్తొస్తుంది. లేకపోతే పాల పాకెట్టు మీది ‘పాశ్చరైజ్డ్’ అన్న మాట గుర్తొస్తుంది. అంతటి మహనీయుడు నడివయసులో సుమారు అయిదేళ్ళు బీరు తొట్ల చుట్టూ తిరిగాడంటే మన మిత్రులు కొందరు ముక్కున వేలేసుకుంటారు. మరికొందరు సంతోషిస్తారు కూడా! కానీ ఆయనకు బీరు మీద పెద్ద ఇష్టమేమీ లేదు. మరి ఎందుకు తిరిగినట్టు? ఆ కథ తెలుసుకోదగ్గది.

లూయీ పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సులోని దోల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి తోళ్ళు పదునుచేసే వృత్తిలో ఉన్నవాడు, అంతకుముందు నెపోలియన్ సైన్యంలో పనిచేసినవాడు. కుర్రవాడు చదువులో మెరికేమీ కాడు. బొమ్మలు మాత్రం చక్కగా వేసేవాడు. చదువుకని పారిస్ పంపితే ఇంటిమీద బెంగపెట్టుకుని తిరిగి వచ్చేశాడు. అయినా పట్టు వదలకుండా చదివి, 1843లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో సీటు సంపాదించాడు.

1854లో లీల్ నగరంలో సైన్సు ఫాకల్టీకి డీన్ అయ్యాడు. రెండేళ్ళ తర్వాత ఆయన క్లాసులో చదివే ఒక విద్యార్థి తండ్రి, బిగో అనే వ్యాపారి, తన గోడు చెప్పుకున్నాడు. ఆయన బీటుదుంపల రసం పులియబెట్టి ఆల్కహాలు తీసేవాడు. కొన్ని తొట్లలో సరుకు బాగానే దిగుతోంది, కొన్నిట్లో పుల్లబడి పాడైపోతోంది. కారణం తెలియదు. పాశ్చర్ సూక్ష్మదర్శిని పట్టుకుని తొట్ల దగ్గరికే వెళ్ళాడు. మంచి తొట్టిలోని చుక్కలో గుండ్రటి ఈస్టు కణాలు కనిపించాయి. చెడిన తొట్టిలో సన్నటి పుల్లల్లాంటివి ఏవో కదులుతున్నాయి.

అప్పట్లో పులియడమంటే ప్రాణంతో పనిలేని రసాయన చర్య అని జర్మనీ దిగ్గజం లీబిగ్ వాదించేవాడు. కాదు, అది బతికున్న సూక్ష్మజీవుల పని అని పాశ్చర్ అన్నాడు. పాలను పెరుగుగా మార్చే తరహా కిణ్వనాన్ని గురించి 1857లోనూ, ఆల్కహాలు కిణ్వనాన్ని గురించి 1860లోనూ వ్యాసాలు ప్రకటించాడు. ఏ జీవి పని ఆ జీవిదే. తొట్టిలోకి రాకూడనిది వస్తే సరుకు చెడుతుంది. తర్వాత ద్రాక్షసారా చెడకుండా మితంగా వేడిచేసి నిలవచేసే పద్ధతి కనిపెట్టాడు. మన పాలకు పట్టింది ఆ పద్ధతి పేరే.

ఈ కాలంలోనే ఇంట్లో ఆయన పడ్డ కష్టాలు పగవాడికి కూడా వద్దు. 1859లో తొమ్మిదేళ్ళ కూతురు జాన్ టైఫాయిడ్‌తో పోయింది. 1865లో రెండేళ్ళ కమీల్, మరుసటేడు పన్నెండేళ్ళ సెసీల్ పోయారు. సెసీల్‌ను తీసుకుపోయింది కూడా టైఫాయిడే. 1868లో పక్షవాతం వచ్చి ఆయన ఎడమవైపు పడిపోయింది. అప్పటికి వయసు నలభై అయిదే. ఆ తర్వాత జీవితమంతా కాలు ఈడుస్తూనే నడిచాడు.

1870లో జర్మన్లతో యుద్ధం వచ్చి ఫ్రాన్సు ఓడిపోయింది. పాశ్చర్ గుండె మండిపోయింది. బాన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ పట్టాను తిప్పి పంపేశాడు. బీరు తయారీలో జర్మన్లది పైచేయి గనుక, వాళ్ళని మించిన బీరు ఫ్రాన్సులో చేయించి పగ తీర్చుకోవాలనుకున్నాడు. దానికి ‘ప్రతీకార బీరు’ అని పేరు కూడా పెట్టాడు!

ముందు క్లెర్మాన్ దగ్గర షమాలియేర్‌లోని ఒక చిన్న కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. 1871 సెప్టెంబరులో లండన్ వెళ్ళి విట్‌బ్రెడ్ కంపెనీ ఈస్టును సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఇందులో దోషం ఉందని చెప్పేశాడు. వారం తిరక్కుండానే ఆ కంపెనీ వాళ్ళు సూక్ష్మదర్శిని కొనేసి ఈస్టు మార్చుకున్నారు.

ఇంతకీ బీరు ఎక్కడ చెడుతుంది? బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి వేణ్ణీళ్ళలో నానిస్తే తియ్యటి రసం దిగుతుంది. దాంట్లో హాప్స్ పువ్వులు వేసి మరిగిస్తారు. మరిగిన రసంలో క్రిములు మిగలవు. దాన్ని వెడల్పాటి తొట్లలో మూత లేకుండా చల్లార్చేటప్పుడే గాలిలోని ధూళితో కొత్తవి చేరతాయి. ఆపైన వేసే ఈస్టులో కల్తీ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. జర్మన్లు టన్నులకొద్దీ మంచు వాడి, ఆ చలిలో పులియబెట్టి నిలవచేసేవారు. చలికి చెడ్డ క్రిములు పెరగవు. పాశ్చర్ వేరే దారి చూపాడు. మూసిన పాత్రలో శుభ్రమైన గాలి మధ్య చల్లార్చు, శుద్ధమైన ఈస్టు వెయ్యి, సీసాలో పోసి బిగించాక సుమారు 55 డిగ్రీల వరకు వేడిచెయ్యి. ఇవాళ ఇంట్లో బీరు కాచుకునే దేశాలవాళ్ళు గిన్నెలూ గొట్టాలూ అంత శ్రద్ధగా కడిగేది ఈ పాఠం వల్లే. ఇదంతా ఆయన 1876లో గ్రంథంగా అచ్చువేయించాడు.

మరి పగ తీరిందా? లేదు. జర్మనీ బీరుకు వచ్చిన లోటేమీ లేదు. ఆ విద్యను అందిపుచ్చుకుని ముందుకు తీసుకువెళ్ళింది డెన్మార్కు. పాశ్చర్ పద్ధతితో చెడ్డ బాక్టీరియా పోయేవి గాని, ఈస్టులోనే ఉండే అడవి జాతులు పోయేవి కావు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాడు. యజమాని యాకబ్సెన్ దాన్ని దాచుకోకుండా ఇతర కంపెనీలకూ ఇచ్చాడు. పగతో మొదలైన విద్య చివరికి అందరి సొత్తయింది. విద్యకు సరిహద్దులు గీయడం పాశ్చర్ వల్ల కూడా కాలేదు!

బీరుకు రోగం తెచ్చేది క్రిమి అయితే మనిషి రోగానికీ క్రిమి కారణం కాకూడదా? ముగ్గురు పిల్లల్ని మట్టిలో పెట్టిన తండ్రికి ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. 1877 నుంచి పశువుల ఆంత్రాక్స్, తర్వాత కోళ్ళ కలరా, ఆపైన పిచ్చికుక్క కాటు. 1885 జూలై 6న తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా మొదలుపెట్టించాడు. పిల్లవాడు బతికాడు. 1888లో పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఆ పేరుతోనే 1907లో మన దక్షిణాదిన, నీలగిరుల్లోని కూనూరులో సంస్థ వచ్చింది. 1895 సెప్టెంబరు 28న పాశ్చర్ కన్నుమూశాడు.

ఇంత చరిత్రకూ మొదలు ఒక విద్యార్థి తండ్రి తెచ్చిన పుల్లబడ్డ తొట్టి. అది నా సిలబస్ కాదు అని ఆ లెక్చరర్ అనలేదు. మన కాలేజీ గేటు బయట కూడా రైతు దగ్గరా, నేతగాడి దగ్గరా, పాల కేంద్రం దగ్గరా అలాంటి తొట్లు ఎన్నో ఉన్నాయి. వాటి దగ్గరికి నడిచి వెళ్ళేవాళ్ళు కావాలి.