పక్షుల నేస్తం సలీం అలీ

వేసవి ఆరంభంలో ఆకులు రాల్చిన మోదుగుచెట్టు నిలువెల్లా ఎర్రని పూలు తొడుగుతుంది. గోరింకలు, తేనెపిట్టలు తేనె కొరకు దానిపై వాలుతాయి. తేనె గ్రోలే పిట్ట తలకు అంటిన పుప్పొడి మరొక పువ్వును చేరి, దానిని కాయగా మార్చుతుంది. బాటసారులు చూసి సాగిపోయే ఇటువంటి దృశ్యాల వెనుక పక్షికీ పువ్వుకూ గల పరస్పరాశ్రయాన్ని పరిశీలించి, 1932లో వ్యాసంగా వెలువరించిన శాస్త్రజ్ఞుడు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. ఆ రోజులలో బాలురకు వేట ఒక వినోదం. ఒకనాడు సలీం గాలితుపాకితో ఒక పిచ్చుకను నేలకూల్చాడు. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ ఉంది. అది ఏ జాతి పక్షియో తెలుసుకోగోరి ఆ బాలుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళాడు. కార్యదర్శి మిల్లర్డ్ దాని పేరు తెలపడమే గాక, సంఘంలో భద్రపరచిన పక్షుల నమూనాలను కూడా చూపించాడు. వేటగా మొదలైన వినోదం ఆనాటినుండి విజ్ఞానతృష్ణగా మారింది.

అయితే ఆ తృష్ణ అన్నం పెట్టలేదు. విశ్వవిద్యాలయ పట్టా లేనందున పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఆయనకు దక్కలేదు. బొంబాయి ప్రదర్శనశాలలో ఉపన్యాసకునిగా కొంతకాలం పనిచేసి, బెర్లిన్ వెళ్ళి స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి, నిధుల కొరతవల్ల ఉన్న ఉద్యోగమూ రద్దయింది.

నిరుద్యోగిగా భార్య తెహ్మీనాతో కలిసి ఆయన కిహిమ్ అనే సముద్రతీర గ్రామానికి చేరారు. ఇంటి సమీపాన గిజిగాడు పక్షులు గూళ్ళు అల్లుతున్నాయి. సలీం అలీ మాటున కూర్చొని ఓపికతో వాటిని గమనించారు. మగపక్షి గూటిని సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితేనే అందులో స్థిరపడుతుంది. అప్పుడు మగపక్షి ఆ గూటిని పూర్తిచేసి, మరొక గూటికి, మరొక జతకు పూనుకుంటుంది. తరతరాలుగా పల్లెప్రజల కళ్ళెదుట ఉన్న గూటిలోని రహస్యం ఆ విధంగా లోకానికి వెల్లడైంది. బతుకుతెరువు లేని ఆ కాలమే ఆయనకు కీర్తిని తెచ్చింది.

తరువాత ఆయన సంస్థానాధీశులకు ఒక ప్రతిపాదన చేశారు. తనకు వేతనం అక్కరలేదు. గుడారాలకు, ప్రయాణాలకు అయ్యే వ్యయం భరిస్తే చాలు. ఆ పద్ధతిలోనే 1931-32లో హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేశారు. నేటి తెలంగాణ ఆనాడు ఆ సంస్థానంలోనిదే. అడవులలో గుడారాల జీవితాన్ని తెహ్మీనా ఆనందంగా పంచుకున్నారు. 1939లో ఆమె మరణం ఆయనను కుంగదీసింది. అయినా పని ఆగలేదు. 1941లో వెలువడిన భారతీయ పక్షుల గ్రంథం సామాన్యులకు సైతం పక్షులను పరిచయం చేసింది.

నమూనాల సేకరణకు ఆయనా తుపాకి పట్టినవారే. కాని చచ్చిన పక్షి ఈకలకంటె బతికిన పక్షి నడవడి ఆయనకు ముఖ్యం. సింగపూరుకు చెందిన మిత్రుడు లోక్ వాన్ థో ఆయన వెంట నడిచి, పక్షుల సహజ జీవితాన్ని ఛాయాచిత్రాలలో నిలిపారు. డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటాల గ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది. 1976లో పద్మవిభూషణ్ లభించింది. మరొక పురస్కారం ద్వారా వచ్చిన ధనంతో ఆయన ప్రకృతి సంరక్షణ నిధిని నెలకొల్పారు.

1900 తరువాత కనిపించక, అంతరించిందని భావించిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. దానిని వెదకించినది, బాలుడైన సలీం పిచ్చుకను పట్టుకొని వెళ్ళిన ఆ సంఘమే. ఆ అన్వేషణకు తోడ్పడినది అడవి తెలిసిన ఒక స్థానిక వేటగాడు. మరుసటి సంవత్సరం, 1987లో, సలీం అలీ కన్నుమూశారు. పట్టా ఇవ్వని అర్హతను ఆయన కాలినడకతో, ఓర్పుతో సంపాదించుకున్నారు.